వరసకి బాబాయి

ఎడమచేత్తో కోటు భుజం పట్టుకుని పలక మీద పరిచి, అరచేత్తో ఒక్కసారి నిమిరి, కుడికాలితో పెడలు తొక్కాడు. పైపలక దిగింది. ఆవిరి బుస్సుమని రెండు పక్కలా చిమ్మింది. మనసులో ఎనిమిది లెక్కపెట్టి కాలు తీశాడు. ఉదయం ఏడున్నరకి ఇది నలభై ఒకటో కోటు. సాయంత్రం నాలుగయ్యేలోగా ఇలాంటివి మూడువందలు దాటాలి.

పదకొండేళ్ళుగా ఆ పెద్దాసుపత్రి నేలమాళిగలో, కిటికీల్లేని లాండ్రీలో, అతని పని ఇదే. డాక్టర్ల తెల్లకోట్లు, నర్సుల చొక్కాలు. తొక్కీ తొక్కీ కుడిపిక్క ఎడమదానికన్నా లావెక్కింది. పలక అంచు తగిలి కాలిన మచ్చలు ముంజేతుల మీద అడ్డంగా వరసగా ఉంటాయి. నలభై ఏడేళ్ళవాడు. సన్నటి మనిషి, పల్చటి మీసం, నోరు మాత్రం కాస్త దురుసు. ఆ దురుసు అర్థమయ్యేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు కాబట్టి దాన్ని చాలావరకు తనమీదే వాడుకునేవాడు.

గోడకి తగిలించిన ఫోను మోగింది. మిగతావాళ్ళెవరూ తల తిప్పలేదు. అది ఎవరికో వాళ్ళకి తెలుసు. సూపర్‌వైజరు ఎత్తి, విని, రిసీవరు అతనివైపు ఊపాడు.

"బాబాయి," అన్నాడు.

ఆ ఆసుపత్రిలో ఏడెనిమిది వందలమంది పనిచేస్తారు. వాళ్ళలో తెలుగు వచ్చినవాడు ఇతనొక్కడే. అయినా ఈ ఐదువారాల్లో ఆ ఒక్క తెలుగుమాట లిఫ్టు దగ్గర కూర్చునేవాడి నుంచి మందుల గదిలో అమ్మాయి దాకా అందరి నోటా పడింది. ఇంత గొప్ప భాషలోంచి వీళ్ళు నేర్చుకున్నది ఈ ఒక్క ముక్క, అదీ తన ప్రాణం తియ్యడానికి.

"ఈ వారంలో ఇది నాలుగోసారి," అన్నాడు సూపర్‌వైజరు తన భాషలో. "మీ చిన్నాన్నకి ఒంట్లో బాగాలేదంటే నాకూ బాధే. కానీ ఇంకొక్కసారి మిషను వదిలి వెళ్ళావంటే మాసిన బట్టల గదికి మార్చేస్తాను."

మాసిన బట్టల గదంటే రక్తాలూ చీమూ అంటిన దుప్పట్లు విప్పి, వేరుచేసే చోటు. ఆ వాసన వారమైనా ఒంటిని వదలదు. అతను తలూపి, కోటు పక్కకి తగిలించి, లిఫ్టువైపు నడిచాడు. లిఫ్టు కోసం నిలబడ్డంతసేపూ తనని తాను తిట్టుకున్నాడు. ఎవర్ని అని ఏం లాభం? కొరివితో తల గోక్కున్నది తనే.

ఐదువారాల కిందట నాలుగో అంతస్తు వార్డులోకి ఒక ముసలాయన్ని తెచ్చారు. ఒంటరిగా ఉంటాడు, కాళ్ళు నీరుపట్టి, ఆయాసం ఎక్కువై, తన గది మెట్ల మీద పడిపోయాడు. ఆ ఆయాసంలో ఎవరేమడిగినా ఆ దేశపు భాషలో ఒక్క ముక్క పలకడు. ఏదో అంటాడు, అది ఎవరికీ తెలియదు. నేల తుడిచే ఆమె విని, "ఇది లాండ్రీ అతను ఫోనులో పెళ్ళాంతో పోట్లాడే భాష" అని గుర్తుపట్టింది. అలా మొదటిసారి పైకి పిలిచారు.

వెళ్ళాడు. పరుగెత్తుకుంటూ వెళ్ళాడంటే అబద్ధం కాదు. పరాయిదేశంలో తెలుగుమాట చెవిన పడుతుందంటే మనవాడికి కాళ్ళు ఆగవు కదా. మంచం పక్కన నిలబడి, అందరూ అనేమాటే తనూ అన్నాడు: "ఏం బాబాయ్, ఎలా ఉంది ఒంట్లో?" మనకది అలవాటు. బస్సులో పక్కసీటువాడు అన్నయ్య, కూరలమ్మే ఆవిడ అక్క, జుట్టు నెరిస్తే బాబాయి, పళ్ళు కూడా ఊడితే తాత. పేరడిగే ముందే వరస కలిపేస్తాం. ముసలాయన కళ్ళు తెరిచి అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "మీదేవూరు?" అన్నాడు. చెప్పాడు. ఆయనది ఇంకెక్కడో. ఇద్దరికీ తెలిసిన ఊరు ఒక్కటి లేదు, తెలిసిన మనిషి ఒక్కడు లేడు. "మీ వైపు వాళ్ళు మాట్లాడితే పోట్లాడుతున్నట్టే ఉంటుంది," అన్నాడు ముసలాయన తీరిగ్గా. పాతికేళ్ళనాటి పరిచయమున్నట్టు అన్నాడు.

అప్పుడే పెద్ద నర్సు అడిగింది: "ఆయన్ని ఏదో అని పిలిచారే, ఆ మాటకి అర్థమేమిటి?" తగుదునమ్మా అని ఇతను వివరంగా చెప్పాడు. నాన్నగారి తమ్ముణ్ణి మా భాషలో అలా అంటాం అని. మామయ్య వేరు, పెదనాన్న వేరు, మీలాగా అందరికీ కలిపి ఒకటే మాట కాదు అని కాస్త గర్వంగా కూడా చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని కాగితం మీద రాసుకుంది. మర్నాటికి పదిహేడో మంచం తలవైపు పలక మీద ఎక్కింది: బంధువు, అన్న కొడుకు, లాండ్రీ, ఫోను నంబరు పద్నాలుగు.

ఆరోజే దిద్దించాల్సింది. పోనీలే, రెండ్రోజుల్లో వెళ్ళిపోయే మనిషి, ఈమాత్రానికి ఆయన ముందు కాదు లేదు అనడమెందుకని ఊరుకున్నాడు. రెండ్రోజులు ఐదువారాలయ్యాయి. మొదట్లో "మీరు" అనేవాడు. మూడోరోజుకి కోపంలో "నువ్వు" వచ్చేసింది. అది రెండో తప్పు. "మీరు" అన్న మనిషిని ఎప్పుడైనా వదిలించుకోవచ్చు. "నువ్వు" అన్నాక ఇక వదలడు.

పైకి వెళ్ళేసరికి ముసలాయన దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎత్తైన మనిషి. మంచం చాలక పాదాలు కడ్డీల మధ్యనుంచి బయటికి వచ్చాయి. పెద్ద చెవులు. కుడి బొటనవేలి మొదట్లో కత్తెర ఒరుసుకుని కాసిన కాయ. ముప్ఫై నాలుగేళ్ళు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరుగా చేశాడు. భార్య ఏనాడో పోయింది. పిల్లల్లేరు. ముప్ఫై నాలుగేళ్ళుండి వీళ్ళ మాట ఒక్కటీ నేర్చుకోలేదా బాబాయ్ అని ఒకసారి అడిగితే, "కత్తెరకి భాషెందుకురా? గుడ్డ మాట్లాడదు కదా," అన్నాడు. నిజమే కాబోలు అనుకున్నాడు ఇతను.

"ఎంతసేపురా రావడం?" అన్నాడు ముసలాయన.

"నా పని నీకు ఆటగా ఉందా బాబాయ్? మిషను వదిలేసి వచ్చాను. ఏం కొంప మునిగింది?"

"ఆ డాక్టరు, ఎముకల గూడు, పొద్దున్నే వచ్చి చల్లటి చేతులు పొట్టమీద పెట్టాడు. ముందు చేతులు కాచుకుని రమ్మను."

పక్కనే ఉన్న పెద్ద నర్సు ఏమంటున్నాడని అడిగింది.

"డాక్టరుగారు ఎంతో శ్రద్ధగా చూస్తున్నారట. సంతోషమట," అన్నాడు అతను.

"ఇదుగో, ఈ గంజి మనిషన్నవాడు తాగడని కూడా చెప్పు."

"తిండి బాగుందట. కాస్త ఉప్పు తగ్గిందట."

ముసలాయన మూతి బిగించి గోడవైపు తిరిగాడు. భుజాలు కొద్దిగా కదిలాయి. ఇలా తర్జుమా చేసినప్పుడల్లా ఆయనకి ఈ దగ్గొకటి వస్తుంది.

పెద్ద నర్సు నవ్వుతూ, "ఇవాళ మీకు నేనూ ఒక మంచిమాట చెప్పాలి," అంది. "రేపు పదింటికి మీ చిన్నాన్నని ఇంటికి పంపించేస్తున్నాం. ఒంటరిగా ఉండే ఓపిక ఆయనకి లేదు. మీ ఇల్లుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇవాళ నాలుగింటిలోగా వచ్చి సంతకం పెట్టండి."

అతను మంచం తలవైపు పలక వంక చూశాడు. "నేను లేకపోతే ఏం చేసేవాళ్ళు?"

"వృద్ధుల హోమ్‌కి పంపేవాళ్ళం. ఊరి చివర ఉంది. శుభ్రంగా చూస్తారు. కాకపోతే ఆయన మాట అర్థమయ్యేవాళ్ళు అక్కడ ఉండరు. మీరుండటం ఆయన అదృష్టం."

ఆవిడ వెళ్ళిపోయింది. అసలే సూపర్‌వైజరు కత్తి నూరుతున్నాడు, దానికి తోడు ఇది. గోరుచుట్టు మీద రోకలిపోటు.

"ఏమంటుందిరా?" అన్నాడు ముసలాయన.

"రేపు నిన్ను తెచ్చి నా నెత్తిన పెడతారట. బాబాయ్, నేనుండేది ఒకటే గది. నలుగురం. రెండంతస్తుల మంచాలు రెండు. ఒకడు డ్రైవరు, ఒకడు వంటవాడు, ఇంకొకడు రాత్రి కాపలా కాసి పగలు నిద్రపోతాడు, తుమ్మినా లేచి తిడతాడు. నాది పైమంచం. ఎక్కుతావా పైమంచం?"

ముసలాయన నిజంగానే ఆలోచించాడు. "నిచ్చెనుందా?"

"ఉంది."

"ఎన్ని మెట్లు?"

"ఐదు!"

"ఎక్కుతాను. నెమ్మదిగా."

అతనికి నెత్తి బాదుకోవాలనిపించింది. "స్నానాల గది వరండా చివర. పొద్దున్నే అరగంట వరస. ఐదో మనిషి కనిపిస్తే ఇంటాయన మిగతా నలుగుర్నీ కూడా బయటికి నెడతాడు. ఎవర్ని అడగను? ఏమని చెప్పను? అసలు నువ్వు నాకేమవుతావు? మీ ఊరు నాకు తెలీదు, మా ఊరు నీకు తెలీదు. పెద్దవాడివి కదా అని నోరుజారి ఒక్కసారి బాబాయ్ అన్నాను. అంతే కదా!"

పక్కమంచాల వాళ్ళు తలెత్తి చూశారు. మాట అర్థంకాకపోయినా అరుపు అందరికీ అర్థమవుతుంది. అతనికి సిగ్గేసింది. సిగ్గేసినందుకు ఇంకా కోపమొచ్చింది.

ముసలాయన కాసేపు తన బొటనవేలి కాయ వంక చూసుకున్నాడు. తర్వాత పక్క సొరుగు లాగి, మడతపెట్టిన చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి వెళ్ళినా ఇది వేసుకునే వెళ్తాను," అన్నాడు. "ఇప్పటికి మూడుసార్లు చెడగొట్టావు. ఇస్త్రీ చేసేవాడివి, ఈసారైనా సరిగ్గా చేసుకురా."

ఆ చొక్కా సంగతి వేరే కథ. లేత గోధుమరంగు, నిండు చేతులు, ఆయన తనకోసం తానే కత్తిరించుకున్నది. పడిపోయిన రోజు ఒంటిమీద ఉన్నది. ఉతికించి, మిషను మీద వేసి తెచ్చిస్తే, ఆయన కళ్ళజోడు పెట్టుకుని పరీక్ష పేపరు దిద్దే మాస్టారిలా చూసి, సొరుగులోంచి ఒక నీలం సుద్దముక్క తీశాడు. టైలర్లు గుడ్డమీద గీసుకునే బల్లపరుపు సుద్ద. ఎడమచేతి మీద రెండు మడతలు పడ్డాయని అక్కడొక గీత. కాలరు కొసన ముడత, అక్కడో సున్నా. జేబు అంచు పొంగింది, అక్కడో ఇంటూ. సుద్ద గీతలు పోవాలంటే మళ్ళీ ఉతకాలి. రెండోసారీ అంతే. మూడోసారి గీతలు తగ్గాయి గాని పోలేదు. డాక్టర్లు, సర్జన్లు, ఆసుపత్రి పెద్దలు, ఒక్కడూ అతని ఇస్త్రీకి వంక పెట్టలేదు పదకొండేళ్ళలో. నిజానికి ఒక్కడూ చూడలేదు.

చొక్కా లాక్కుని కిందికి వచ్చేశాడు.

పదకొండున్నరకి తిండి విరామం. అందరూ భోజనాల గదికి వెళ్ళారు. అతను మూల ఉన్న చిన్న బల్ల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ పరదాలకి వాడే చేతి ఇస్త్రీపెట్టె ఉంటుంది. స్విచ్చి వేసి, ఫోను పక్కన పెట్టి, భార్యకి కలిపాడు. ఆవిడ ఇంటిపట్టున జాకెట్లు కుడుతుంది. కూతురు చదువుకుంటోంది. రెండేళ్ళకోసారి నెలరోజులు వెళ్ళి వాళ్ళతో ఉంటాడు. మొదటి వారం చుట్టంలా మర్యాద చేస్తారు, అలవాటయ్యేలోగా సెలవు అయిపోతుంది.

"ఏవండీ, మామయ్యగారెలా ఉన్నారు?" అంది ఆవిడ, హలో కూడా లేకుండా.

బాబాయి అయితే ఆవిడకి మామయ్య, కూతురికి తాతయ్య. ఇతను ఒక్క వరస కలిపితే వాళ్ళు మిగతా వరసలన్నీ కలిపేసుకున్నారు. రెండోవారంలో ఒకసారి ఫోను ఆయన చేతికి ఇచ్చిన పాపానికి గంటసేపు జాకెట్టు చంక కత్తిరింపు గురించి మాట్లాడుకున్నారు ఇద్దరూ.

"నేనెలా ఉన్నానో అడగవా?"

"మీకేమండీ, అరుస్తున్నారుగా, బాగానే ఉన్నారు. మొన్న ఆయన చెప్పినట్టు కత్తిరించానా, చంక కింద ఒక్క ముడత లేదు తెలుసా."

రేపటి సంగతి చెప్పాడు. పైమంచం, ఇంటాయన, నాలుగింటి సంతకం, అన్నీ. "ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇవాళ నర్సుకి నిజం చెప్పేస్తాను. ఆయన నాకేమీ కాడని."

అటువైపు కుట్టుమిషను ఆగింది.

"చెప్పండి," అంది ఆవిడ. "మీరుమాత్రం ఏం చేస్తారు. కానీ నర్సుకి చెప్పేముందు ఆయనకే చెప్పండి. పరాయివాళ్ళ నోటమ్మట విననివ్వకండి."

ఫోను పెట్టేశాక చొక్కా బల్లమీద పరిచాడు. పెట్టె మీద నీటిచుక్క చిలకరించాడు. చుక్క ఆగకుండా జారి పోయింది, వేడి సరిపోయింది. పద్నాలుగేళ్ళప్పుడు మేనమామ బొగ్గుల ఇస్త్రీపెట్టె దగ్గర నేర్పిన పద్ధతి. కాలరు ముందు లోపలివైపు చెయ్యాలి, కొసల నుంచి మధ్యకి తోసుకురావాలి, మధ్యనుంచి కొసకి తోస్తే అక్కడ ముడత పోగవుతుంది అని మామ వీపుమీద ఒకటి వేసి మరీ చెప్పేవాడు. పలకల మిషను మీద పడ్డాక అదంతా మర్చిపోయాడు. తొక్కితే సరి, కొసా లేదు, మధ్యా లేదు. ముసలాయన మొదటిసారి సున్నా గీసింది సరిగ్గా అక్కడే. ఆరోజు ఎందుకంత ఒళ్ళు మండిందో ఇప్పుడు తెలిసింది. దొరికిపోయాడు కదా, అందుకు.

కాలరు, భుజం పట్టీ, కఫ్‌లు, చేతులు. చేతిమీద ఒకే మడత, భుజం నుంచి కఫ్ దాకా. జేబు కింది అంచు నుంచి పైకి. గుండీల మధ్య సందుల్లో పెట్టె ముక్కుతో. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ టైములో మిషను మీద పది కోట్లు అయ్యేవి. చొక్కా హ్యాంగరుకి తగిలించి, దూరంగా నిలబడి చూశాడు. ఇప్పుడు గియ్యి చూద్దాం, అనుకున్నాడు. ఎక్కడ గీస్తావో గియ్యి. ఆ నోటితోనే బాగుందనిపించి, వెంటనే అసలుమాట చెప్పేయాలి. మెచ్చుకున్న నోటికి ఆ మాట కాస్త తేలిగ్గా దిగుతుందేమో.

తిండి తినలేదు. మధ్యాహ్నమంతా పెడలు తొక్కుతూ ఆ మాట ఎలా చెప్పాలో కూర్చుకున్నాడు. "బాబాయ్, నేను ఆదివారం ఆదివారం హోమ్‌కి వస్తాను." కాదు, అది అబద్ధమవుతుంది, రెండు బస్సులు మారాలి. "బాబాయ్, అక్కడ మంచం పెద్దది." అసలు బాబాయ్ అని మొదలుపెట్టి నువ్వు నాకేమీ కావని ఎలా చెప్పడం? మరింకేమని మొదలుపెట్టడం? ఆయన పేరు పలక మీద చూశాడు గాని ఏనాడూ నోటితో అనలేదు.

రెండున్నరకి హ్యాంగరు తీసుకుని బయల్దేరాడు. నాలుగోసారీ అయిపోయింది, ఇది ఐదోసారి, ఇక మాసిన బట్టల గదే గతి అయితే అదీ చూద్దామనుకున్నాడు. లిఫ్టు తెరుచుకుంది. అందులోంచి మాసిన బట్టల బండి దిగింది. పక్కకి తప్పుకున్నాడు.

ఇంటికి వెళ్ళినవాళ్ళ మంచం నుంచి దుప్పటి, దిండుగలీబు వస్తాయి, అన్ని మంచాలవాటితో కలిసి. పోయినవాళ్ళ మంచం నుంచి మాత్రం పరుపు తొడుగుతో సహా అన్నీ ఒకే సంచీలో, మూతి ముడేసి, మంచం నంబరు చీటీ కట్టి వస్తాయి. అది అక్కడి పద్ధతి. పదకొండేళ్ళలో అలాంటివి ఎన్ని వెళ్ళాయో, అతను ఏనాడూ చీటీ చదవలేదు. బండి మీద ఒక్క ముడేసిన సంచీ ఉంది. నాలుగో అంతస్తు, పదిహేడో మంచం.

హ్యాంగరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. దిండు గట్టిగా ఉందని ఫోను మోగింది, పక్కమంచంవాడు గురక పెడుతున్నాడని మోగింది, కిటికీ తెరవమని మోగింది. దీనికి ఆ ఫోను మోగలేదు.

వార్డులో పరుపు ఒట్టిగా ఉంది. తలవైపు పలక తుడిచేసి ఉంది. పెద్ద నర్సు అతన్ని చూసి దగ్గరికి వచ్చింది.

"భోజనం చేసి పడుకున్నారు. ఒంటిగంటకి చూస్తే నిద్రలోనే అయిపోయింది. కష్టపడలేదు."

"నాకెందుకు ఫోను చెయ్యలేదు?" అన్నాడతను. గొంతు పెద్దదైంది.

"చెయ్యక్కర్లేదు కదా. మీరు బంధువు కారని ఆయనే చెప్పారు. పొద్దున మీరు వెళ్ళిన కాసేపటికి నన్ను పిలిచారు."

"ఎలా చెప్పాడు? ఎవరు తర్జుమా చేశారు?"

ఆవిడ కాస్త ఇబ్బందిగా నవ్వింది. "ఎవరూ చెయ్యలేదు. మా భాషలోనే చెప్పారు. మీకన్నా బాగా మాట్లాడతారు. ముప్ఫై నాలుగేళ్ళున్నారు కదా ఇక్కడ. నాకూ అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచారని అడిగితే, మాట వచ్చని తెలిస్తే ఆ అబ్బాయిని పైకి పిలవరు కదా అన్నారు."

అతను పరుపు అంచున కూర్చున్నాడు. కూర్చోకూడదని ఆవిడ అనలేదు.

"పెద్దవాళ్ళని మీరు అలా పిలుస్తారట, అది మర్యాదేగాని చుట్టరికం కాదట. అది విన్నరోజే దిద్దించాల్సింది, ఆ పిలుపు బాగుండి ఊరుకున్నాను, తప్పు నాదే అన్నారు. మీ గదిలో నలుగురున్నారనీ, తను పైమంచం ఎక్కలేననీ, హోమ్‌కి పంపమనీ చెప్పి ఆయనే సంతకం పెట్టారు. మీరు తర్జుమా చేసే పద్ధతి తలుచుకుని చాలాసేపు నవ్వారు. డాక్టరుగారిని ఏమనేవారో నాకు ఇవాళే తెలిసింది."

గోడవైపు తిరిగి దగ్గిన దగ్గులన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఎముకల గూడు. గంజి. ఐదువారాలు! మిషను వదిలి, తిట్లు తిని, నాలుగంతస్తులు ఎక్కి వచ్చి, అన్నీ తెలిసిన మనిషికి అన్నీ విడమర్చి చెప్పాడు. ముసలాడు దొంగ. పచ్చి దొంగ. పొద్దున నర్సు చెప్పింది కూడా అక్షరం పొల్లుపోకుండా అర్థమయ్యే ఉంటుంది. అర్థమయ్యే, నిచ్చెనకి ఎన్ని మెట్లని అడిగాడు. తను అరిచిన అరుపంతా విని, చొక్కా తీసి ఇచ్చాడు. అతనికి ఏడుపు రాలేదు. కోపమొచ్చింది, గుండె పట్టనంత. ఆ కోపాన్ని తిట్టి తీర్చుకుందామంటే, ఆ తిట్లు అర్థమయ్యే మనిషి ఆ ఆసుపత్రిలో ఇక లేడు.

"మీరు సంతకం పెట్టాల్సిన పనేమీ లేదు," అంది నర్సు మెల్లగా. "బంధువులు లేనివాళ్ళ సంగతి ఆసుపత్రి చూసుకుంటుంది. మీకు పనుందేమో, వెళ్ళండి."

పొద్దుటి నుంచి అతను కోరుకున్న మాట అదే. ఎవరో చేతిలో పెట్టినట్టు దొరికింది.

"ఆ కాగితం ఏది?" అన్నాడు.

తెచ్చింది. బంధువు అన్న చోట గీత కొట్టేసి ఉంది. ముసలాయనే కొట్టినట్టుంది, తిన్నని గీత.

"మళ్ళీ రాయండి."

"కానీ ఆయనే స్వయంగా..."

"ఆయనకేం తెలుసండీ? ముసలాయన, మతిమరుపు. ఏదో అన్నారు." పెన్ను తీసుకున్నాడు. "మా నాన్న తమ్ముడే. రాసుకోండి."

ఆవిడ అతని మొహం వంక చూసి, రాసింది. అతను సంతకం పెట్టాడు.

వార్డు చివర చిన్నగదిలో ఇద్దరూ కలిసి ముసలాయనకి చొక్కా తొడిగారు. చేతులు ఇంకా బిగుసుకోలేదు. ఎడమచెయ్యి, కుడిచెయ్యి, తర్వాత గుండీలు, కింది నుంచి పైకి. కాలరు మెడ చుట్టూ చక్కగా కూర్చుంది, కొసల్లో ఒక్క ముడత లేదు. అటూ ఇటూ తిరిగి చూశాడు. వంక పెట్టడానికి ఎక్కడా ఏమీ లేదు. "చూశావా బాబాయ్," అన్నాడు పైకే. నర్సు అటు తిరిగి నిలబడింది.

ఆయన వస్తువులు ఒక చిన్న కవరులో పెట్టి ఇచ్చారు. కళ్ళజోడు, గది తాళంచెవి, సుద్దముక్క.

కిందికి వచ్చేసరికి మూడూ ఇరవై. సూపర్‌వైజరు అరవడానికి నోరు తెరిచి, అతని చేతిలో కవరు చూసి మూసుకున్నాడు. అలాంటి కవర్లు ఆ ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

"బాబాయి?" అన్నాడు.

అతను తలూపాడు.

"రేపు రాకు. సొంత చిన్నాన్న కదా, సెలవిస్తారు."

"సొంతమే," అన్నాడతను.

ఇంకా డెబ్భై కోట్లున్నాయి. మిషను ముందు నిలబడి ఒకటి పరిచాడు, నిమిరాడు, తొక్కాడు, ఎనిమిది లెక్కపెట్టాడు. తీసి చూస్తే ఎడమచేతి మీద రెండు మడతలు పడి ఉన్నాయి. వేసుకునే డాక్టరు చూడడు. ఆ డాక్టరుని చూసేవాళ్ళూ చూడరు. హ్యాంగరుకి తగిలించబోయి ఆగాడు. "చంపుకుతింటున్నావు కదా ముసలాడా," అని గొణుక్కుంటూ కోటు మూలబల్ల దగ్గరికి తీసుకుపోయి, చేతిపెట్టె స్విచ్చి వేశాడు. ఆ బల్ల అంచున, వస్తూనే కవరులోంచి తీసి పెట్టిన, అరిగి అరిగి గోరంత మిగిలిన నీలం సుద్దముక్క ఉంది.